కాయల్ రోజున అంట్లు

కొబ్బరి తురమాలి. బాతుకూరకు మసాలా నూరి పెట్టాలి. కరిమీను చేపల పొలుసు తీసి, కారం పట్టించి, అరటాకుల్లో చుట్టి ఉంచాలి. కర్రపెండలం చెక్కు తీయాలి. అప్పాల పిండి పొంగిందో లేదో చూడాలి. ముందుగదిలో కర్టెన్లు మార్చాలి. అత్తగారి మోకాలికి తైలం వెచ్చబెట్టాలి. సజీవ్ చొక్కా ఇస్త్రీ చేయాలి, తెల్లది కాదు, గళ్ళది. సిమ్నకి ఫోన్ చేసి, రేపు ల్యాబ్ తలుపు తీసే వేళకి గేటు దగ్గరుండమని చెప్పాలి. ఫ్రిజ్‌లో సీసాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోవాలి.

ఆదివారం పొద్దున ప్రసీద పక్క మీంచి లేస్తూనే వేళ్ళు మడిచి గుర్తుపెట్టుకున్న పనులివి. అన్నీ చేసింది, చివరిది తప్ప. దానికి వేళ్ళు చాలక కాదు, వేళ చాలక.

ఆ సీసాలు సిమ్నవి. సిమ్న పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ళమ్మ ఓమన పెద్ద ఉప్పునీటి సరస్సు వేంబనాడ్ కాయల్‌లో కక్క గుల్లలు ఏరుతుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి సిమ్నే. సోమవారం కొచ్చిలోని ఒక నీటి పరీక్షల కంపెనీ నుంచి నస్రీన్ అనే ఆవిడ కాలేజీకి వస్తోంది, ఇద్దరు పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకోవడానికి. ఆవిడ ముందే చెప్పింది: "నాకు రిపోర్టులు వద్దు. ఎవరి నీళ్ళు వాళ్ళే పట్టాలి, ఎవరి పరీక్ష వాళ్ళే చేయాలి, సీసాలతో సహా నాకు చూపించాలి." మిగతా పిల్లలవి కిందటి వారమే అయిపోయాయి. ఆ వారం ఓమన జ్వరంతో పడుకుంటే సిమ్న ఆమె బదులు కక్క ఏరడానికి వెళ్ళింది. అందుకే శనివారం ప్రసీద ప్రత్యేకంగా ఆ పిల్లతో పడవెక్కి, వరిపొలాల నీళ్ళు కాయల్‌లో కలిసే చోట్ల సీసాలు నింపించుకొచ్చింది. కాయల్ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయి కక్క ఎందుకు చచ్చిపోతోందో, దానికీ పొలాల ఎరువుకీ సంబంధం ఎంతో తేల్చుకోవాలన్నది సిమ్న ఎంచుకున్న ప్రశ్న. అది పుస్తకంలోంచి తీసుకున్న ప్రశ్న కాదు, వాళ్ళింటి పొయ్యి దగ్గర పుట్టింది.

రెండో శనివారం కాబట్టి ల్యాబ్‌కి తాళం. ఆ నీళ్ళు చల్లగా ఉండాలి, లేకపోతే పరీక్షకు పనికిరావు. కాబట్టి ఎప్పట్లాగే ప్రసీద ఇంటి ఫ్రిజ్‌లోకి చేరాయి. ఆరేళ్ళుగా డిపార్ట్‌మెంటుకి చల్లటి గది ఆ ఫ్రిజ్ అడుగు అరే. ఆ మాట ఏ కాగితం మీదా ఉండదు.

ఉండకపోవడం ప్రసీదకి కొత్త కాదు. కాలేజీలో ఆమె గెస్ట్ లెక్చరర్. క్లాసులో నిలబడి పాఠం చెప్పిన గంటకే జీతం. పడవలో పిల్లలతో కూర్చున్న గంటలు, వాళ్ళ ఉద్యోగాల కోసం కొచ్చిలో ఆఫీసు గుమ్మాల ముందు కూర్చున్న గంటలు, ఆడపిల్లలు ఫీల్డుకి వెళ్ళాలంటే తోడుగా తప్పకుండా ఉండాల్సిన 'లేడీ స్టాఫ్' అయి గడిపిన గంటలు ఎవరి లెక్కలోకీ రావు. సజీవ్ నలుగురిలో ఉన్నప్పుడు నవ్విస్తుంటాడు: "మా ఆవిడ గెస్టండీ. ఆరేళ్ళుగా కదలని గెస్టుని ఆ కాలేజీ ఒక్కటే భరిస్తోంది. మా ఇంటికొచ్చే గెస్టులు భోంచేసి వెళ్ళిపోతారు." అందరూ నవ్వుతారు. ప్రసీదా నవ్వుతుంది. నవ్వుతూ నవ్వుతూ వచ్చిన గెస్టులకు వడ్డిస్తుంది.

కాని ఒక్క విషయంలో మాత్రం ఆమె మొండికేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని కాయల్ మీదికి తీసుకెళ్ళిన పొద్దున, ఇంట్లో రాత్రి అంట్లన్నీ తోమి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ పడవెక్కింది. మర్నాడు పరీక్షలో, ఏ రంగూ రాకూడని సీసాకి కూడా నీలం రంగు వచ్చింది. ఎంత వెతికినా కారణం దొరకలేదు. చివరికి తన చేతివేళ్ళు వాసన చూసుకుంది. గిన్నెలు తోమే సబ్బు. ఎరువులో ఉండే ఫాస్ఫేటు అందులోనూ ఉంటుంది, పరీక్షలో నీలం తిరిగేది దానికే. గోళ్ళ సందుల్లో మిగిలిన ఆ కాస్త సబ్బే కాయల్ నీళ్ళ లెక్కంతా తారుమారు చేసింది. డిపార్ట్‌మెంట్ హెడ్ కురువిళ సార్ కడుపు పట్టుకుని నవ్వాడు: "అంటే మన ప్రసీద టీచర్ ఇంటి అంట్లు కూడా వేంబనాడ్‌లో కలిశాయన్నమాట!" చేతి తొడుగులు కొనమని ఆమె అప్పటినుంచీ అడుగుతూనే ఉంది. డిపార్ట్‌మెంటులో అవి ఉన్నప్పుడు సైజు ఉండదు, సైజు దొరికినప్పుడు చిరుగుంటుంది. ఆ రోజే ఆమె నిర్ణయం తీసుకుంది: కాయల్ మీదికి వెళ్ళే రోజు, ల్యాబ్‌లో నీళ్ళు పరీక్ష చేసే రోజు, సబ్బు ముట్టుకోదు.

అత్తగారు విలాసిని అమ్మకి ఇది మింగుడు పడలేదు. పక్కింటివాళ్ళతో గోడ మీంచి చెప్పేది: "మాకు నెలకి మూడు రోజులు అంటు ఉండేది. మా కోడలికి కాయల్ రోజు వస్తే అంట్లే అంటు!" ఆ మాట వీధి వీధంతా పాకింది. ఎవరైనా ప్రసీదని గొడుగుతో రేవు దారిలో చూస్తే, "ఏం టీచర్, ఇవాళ అంటా?" అనేవాళ్ళు. ప్రసీద తలూపేది. పడ్డ మాట పడనీ, చేతులు శుభ్రంగా ఉంటే చాలు అనుకునేది.

ఈ ఆదివారం మాత్రం కాయల్ రోజు కాదు. ఈ ఆదివారం అమ్మావన్ రోజు. అమ్మావన్, అంటే సజీవ్ మేనమామ దివాకరన్, విద్యుత్ బోర్డులో ఇంజినీరుగా రిటైరైన మనిషి, ఆస్తి వాటాల దగ్గర అక్క విలాసిని అమ్మతో మాటామాటా వచ్చి నాలుగేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. ఇన్నాళ్ళకి భార్యతో కలిసి భోజనానికి వస్తానన్నాడు. విలాసిని అమ్మకి రాత్రంతా నిద్ర పట్టలేదు. తమ్ముడికి ఏది ఇష్టమో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కటే కోడలికి చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలు బాగానే మొదలయ్యాయి. అమ్మావన్ రెండోసారి బాతుకూర వేయించుకున్నాడు. వేయించుకుని, కారం తగిలి దగ్గి, అక్క వైపు తిరిగాడు.

"కొంచెం చల్లటి నీళ్ళుంటే ఇవ్వు చేచ్చీ. ఈ కాచిన ఎర్రనీళ్ళు తాగలేకపోతున్నా."

ఆ ఊళ్ళో అందరిలాగే ఆ ఇంట్లోనూ ఎర్రచెక్క వేసి కాచిన నీళ్ళే తాగుతారు. విలాసిని అమ్మ కోడలిని పిలవకుండా తనే లేచి, మోకాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, తెల్లటి నీళ్ళ గ్లాసుతో వచ్చింది. అమ్మావన్ గటగటా తాగేశాడు. ఇంకో గ్లాసు తాగాడు. తర్వాత గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఏంటి చేచ్చీ, ఈ నీళ్ళకి రుచే లేదు? నాలుక మీద ఏమీ పోసుకోనట్టుంది."

అప్పం వడ్డిస్తున్న ప్రసీద చేయి ఆగిపోయింది.

ఏ రుచీ లేని చల్లటి నీళ్ళు ఆ ఇంట్లో ఒక్క సీసాలోనే ఉన్నాయి.

ఆమె అప్పాల పళ్ళెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి నడిచింది. ఫ్రిజ్ తెరిచింది. అడుగు అరలో పాయసం గిన్నె, కోసిన పనసపండు, సోడా సీసాలు. ఆమె సీసాలు లేవు. వంటింటి వెనక తలుపు తీసింది. బట్టలుతికే రాయి పక్కన, నీలం బకెట్‌లో, ఎండలో, సిమ్న సీసాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చెయ్యి వేస్తే స్నానం నీళ్ళంత వేడి. ఒక సీసా తక్కువ. అది వంటింటి గట్టు మీద, మూత తీసి, ఖాళీగా.

ఖాళీగా ఉన్న ఆ సీసా బ్లాంక్. పిల్లలకు ప్రసీద మొదటి ఫీల్డు పాఠం దానితోనే మొదలుపెడుతుంది. "దీంట్లో ల్యాబ్‌లోనే శుద్ధమైన నీళ్ళు నింపుతాం. మనతోపాటు పడవెక్కిస్తాం. మీరు కాయల్ నీళ్ళు పట్టుకునేటప్పుడు దీని మూత కూడా తీస్తాం, మీరు మూత పెట్టినప్పుడు దీనికీ పెడతాం. ఇందులో ఏమీ పోయం. తిరిగి తెచ్చి, అన్నిటితోపాటు పరీక్ష చేస్తాం. ఇందులో ఏమైనా కనబడితే అది కాయల్‌ది కాదు. మన చేతిది, మన పడవది, మన ఇంటిది. ఇది సాక్షి. ఇది లేకపోతే మిగతా సీసాలు ఏం చెప్పినా ఎవరూ నమ్మక్కర్లేదు." ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు: "అయితే టీచర్, వెళ్ళి రావడమేనా దీని ఉద్యోగం?" "అదే ఉద్యోగం," అంటుంది ప్రసీద. అందరూ నవ్వుతారు.

"బకెట్‌లో జాగ్రత్తగానే పెట్టాగా," అంది వెనకనుంచి విలాసిని అమ్మ. "పాయసానికి చోటు లేదు. అవన్నీ బురదగా ఉన్నాయి, బయట పెట్టా. ఇదొక్కటీ తేటగా ఉంటే తాగే నీళ్ళనుకున్నా."

ఆమె గొంతులో కపటం లేదు. అదే ప్రసీదకి మరీ కష్టంగా అనిపించింది. కావాలని చేసి ఉంటే కోపం రావడానికి దారుండేది.

"అవి పిల్లవి అమ్మా. రేపు ఉద్యోగానికి చూపించాల్సినవి," అంది నెమ్మదిగా.

ఆ నెమ్మదితనం బయటిగదిలోకి ఎలా వెళ్ళిందో, వెళ్ళేసరికి వేరే రూపం ఎత్తింది. అమ్మావన్ భార్య, "ఏంటీ, కాలేజీ నీళ్ళా?" అంది. "కాయల్ నీళ్ళా?" అన్నాడు అమ్మావన్. "ఫ్యాక్టరీ నీళ్ళు కూడా తెస్తుందిగా అప్పుడప్పుడూ," అని సజీవ్ నోరు జారాడు. ఇంకేముంది. అమ్మావన్ గుండె మీద చేయి వేసుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆయన భార్య వేలు గొంతులో పెట్టుకోమని గోల. విలాసిని అమ్మ ఏడుపు.

"అమ్మావన్, అది డిస్టిల్డ్ వాటర్. శుద్ధమైన నీళ్ళు. మీరు జీవితంలో తాగిన నీళ్ళన్నిటిలోకీ శుభ్రమైనవి అవే," అంది ప్రసీద.

"బ్యాటరీలో పోసేది!" అన్నాడు ఆయన, ఇంజినీరు కాబట్టి. "నలభై ఏళ్ళు బ్యాటరీల్లో పోయించా. ఇవాళ నాకు పోశారు!"

సజీవ్ భార్యని వంటింట్లోకి లాక్కొచ్చినంత పని చేశాడు. "నాలుగేళ్ళకి వచ్చాడే మనిషి. వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి క్షమించమను. తిండి పెట్టే చోట కాలేజీ చెత్త పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఏట్టా," అని మొగుణ్ణి పిలిచే పిలుపుతోనే అంది, "ఆ పిల్ల సీసాలన్నీ పాడయ్యాయి."

"పాడైతే ఏం? ఫిల్టర్ నీళ్ళు నింపెయ్, మూత పెట్టెయ్. మిగతావి మళ్ళీ ఫ్రిజ్‌లో తోసెయ్. నీళ్ళేగా! ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికి తెలుస్తుంది. ఆ ప్రశ్న కోసమే కదా ఆ సీసా పుట్టింది, అనుకుంది ప్రసీద. పెళ్ళైనప్పటినుంచీ ఆమె విన్న మాటల్లో సగం ఆ రెండు ముక్కలతోనే ఆగాయి. నీకు ఒంట్లో బాగాలేదని చుట్టాల్లో ఎవరికి తెలుస్తుంది. కురువిళ సార్ పేరు పెడితే, ఆ వ్యాసం నువ్వే రాశావని ఎవరికి తెలుస్తుంది. నీ పీహెచ్‌డీ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, ఎవరికి తెలుస్తుంది. నిజమే, ఎవరికీ తెలియలేదు. అన్ని చోట్లా ఆమె వెళ్ళింది, వచ్చింది. మూత తీశారు, మూత పెట్టారు. ఇన్నేళ్ళలో తన లోపల ఏ రంగు పట్టిందో ఎవరూ పరీక్ష చేయలేదు, తనతో సహా.

ఆమె బయటిగదిలోకి వెళ్ళి అమ్మావన్‌కి క్షమాపణ చెప్పింది. ఆయన నీళ్ళు తాగినందుకు కాదు, భయపడ్డందుకు. ఆ తేడా ఆయనకు అర్థం కాలేదు. అయినా శాంతించి పాయసం అడిగాడు.

ప్రసీద పెరట్లోకి వెళ్ళి కురువిళ సార్‌కి ఫోన్ చేసింది.

"ప్రసీదా, ఇప్పుడే చర్చి నుంచి వచ్చి కాళ్ళు చాపా," అన్నాడు ఆయన. విషయం విన్నాడు. నవ్వాడు. "తాగేశాడా? భలేవాడే! సరే, ఒక పని చెయ్యి. పోయిన వారం పిల్లల అంకెలున్నాయిగా, వాటినే కాస్త అటూ ఇటూ చేసి రాయమను."

"వాళ్ళు సీసాలడుగుతారు సార్."

"కొచ్చి వాళ్ళు చూసేది పిల్ల ముఖం, పిల్ల ఇంగ్లీషు. బ్లాంక్ ఎవరు చూస్తారమ్మా? పైగా వచ్చే నెల నీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా ఉంది. ఇప్పుడు సీసాలు నీ ఇంట్లో పాడయ్యాయని బయటికొస్తే బాగుండదు. నీకే చెబుతున్నా."

ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత సిమ్నకి చేసింది. జరిగింది ఏమీ దాచకుండా చెప్పింది.

"పర్వాలేదు టీచర్," అంది సిమ్న. "అయితే రేపు నేను రాను. అమ్మతో వెళ్తా. కక్కకి మనిషి కావాలి."

పిల్ల ఏడ్చి ఉంటే ప్రసీద ఏం చేసేదో. ఆ 'పర్వాలేదు' అన్న తీరు, ఎప్పుడో పాఠం వచ్చేసినట్టు అంత తేలిగ్గా అనడం ఆమెను కుదిపింది. ఆ పర్వాలేదు తనదే. తన గొంతులోంచి ఎన్నిసార్లు వచ్చిందో.

"రావాలి. ఇవాళ మళ్ళీ నీళ్ళు పడదాం. పొద్దు వాలకముందే వస్తున్నా. మీ అమ్మని వల్లం పడవ సిద్ధంగా ఉంచమను. నువ్వేం చేస్తున్నావ్?"

"గిన్నెలు ముందేసుకున్నా టీచర్. తోమబోతున్నా."

"ఆపు. సబ్బు ముట్టుకోకు."

"అమ్మ తిడుతుంది."

"ఫోన్ అమ్మకివ్వు, నేను మాట్లాడతా."

ఓమన గొంతు కాయల్ అవతలికి వినబడేంత పెద్దది. "ఏంటి టీచర్, గిన్నెలు తోమితే ఉద్యోగం రాదా?"

"ఇవాళ తోమితే రాదు ఓమనచేచ్చీ."

"ఓర్నాయనో! ఈ సంగతి నా చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదే!"

"మీ ఆయన ఇంట్లో లేడా?"

"ఉన్నాడు. ఆయన చేతికి సబ్బు తగిలితే కాయల్ ఎండిపోతుందని భయం." పకపకా నవ్వింది. "ఉండనీలే, గిన్నెలెక్కడికీ పోవు. రండి."

ప్రసీద మెట్ల కింద గొడుగు పక్కన దాచిన డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తీసింది. ఒకటి మిగులు ఎప్పుడూ ఉంచుతుంది, సీలు కూడా తీయనిది. వీధి చివర కొట్టులో ఐసుకి మనిషిని పంపింది. ల్యాబ్‌లో ముందే కడిగి మూతలు బిగించి తెచ్చిన కొత్త సీసాల్లో ఒకదాన్ని ఆ క్యాన్ నీళ్ళతో నింపి బ్లాంక్ చేసి, అన్నీ పెట్టెలో సర్దింది. చీర మార్చుకుని వంటింట్లోంచి వెళ్ళబోతుంటే విలాసిని అమ్మ గట్టు దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక సింకు కనబడటం లేదు, అన్ని అంట్లు. బాతుకూర మూకుడు, పాయసం కాచి అడుగంటిన గిన్నె, పెద్దబల్ల మీది పళ్ళాలన్నీ, గ్లాసులు, గరిటెలు, అప్పాల పెనం.

"టీ పెట్టాలి. వాళ్ళు సాయంత్రం దాకా ఉంటారు," అంది. "నువ్వు ఎక్కడికైనా పో. ఇవి తోమి పో."

సజీవ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముందుగదిలో మాటలు ఆగాయి. అమ్మావన్ కూడా వింటున్నాడని తెలుస్తోంది.

ప్రసీద సింకు వైపు చూసింది. తోమితే అరగంట. తోమి, పదిసార్లు చేతులు కడుక్కుని వెళ్ళొచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఆ నీలం రంగు ఒకసారి చూసిన మనిషికి తెలుస్తుంది. రేపు నస్రీన్ ముందు ఆ పిల్ల సీసా నీలమైతే, అది సిమ్న తప్పవుతుంది. ప్రసీద ఇంటి అంట్లు అన్న మాట అందులో ఎక్కడా ఉండదు.

"తోమనమ్మా," అంది. "ఇవాళ కాయల్ రోజు అయింది."

"అయిందా? పొద్దున లేదే!"

"మధ్యాహ్నం అయింది. మీరు గ్లాసు ఇచ్చినప్పుడు."

"ప్రసీదా!" అన్నాడు సజీవ్. ఆ గొంతు పెంచితే ఆమె ఎప్పుడూ ఆగేది. కాని చేతుల్లో ఐసు పెట్టె బరువుంది, బరువు మోసే మనిషి గుమ్మంలో ఎక్కువసేపు నిలబడలేదు. "టీపొడి పైన డబ్బాలో ఉంది ఏట్టా," అని చెప్పి దాటింది.

రేవు దగ్గర ఓమన వల్లం కట్టి సిద్ధంగా ఉంది. సిమ్న కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతులు మాత్రం ఎవరికో అప్పగించాల్సిన వస్తువుల్లా ఒంటికి దూరంగా పట్టుకుంది. ఎండ వాలుతోంది. గుర్రపుడెక్క తోసుకుంటూ ఓమన గెడ వేస్తుంటే, పొలాల నీళ్ళు తోడి పోసే మోటారు చప్పుడు దగ్గరైంది. సిమ్న ప్రవాహానికి ఎదురుగా సీసా మూతి పెట్టి, మూడుసార్లు ఆ నీళ్ళతోనే కడిగి, నాలుగోసారి నింపింది. చుక్క చిందలేదు. ప్రతి చోటా ఆమె మూత తీసినప్పుడు ప్రసీద తన చేతిలో ఉన్న బ్లాంక్ మూత తీసింది. ఆమె పెట్టినప్పుడు పెట్టింది.

"పాపం టీచర్, ఆ సీసా," అంది ఓమన గెడ ఆపి. "అన్ని చోట్లకీ వస్తోంది. దానికి చుక్క నీళ్ళు పోయరేం?"

ప్రసీద ఏదో చెప్పబోయింది. పాఠంలో మాటలు నోటిదాకా వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, "దానికి ఏమీ అంటకూడదు చేచ్చీ," అంది.

దీపం పెట్టే వేళకి ఇంటికి వచ్చింది. అమ్మావన్ వాళ్ళు వెళ్ళిపోయారు. దీపం ముందు విలాసిని అమ్మ నొప్పి కాలు చాపుకుని కూర్చుని ఉంది. ప్రసీద ఫ్రిజ్‌లో మిగిలిన పాయసం గిన్నె తీసి గట్టు మీద పెట్టి, అడుగు అరలో సీసాలు పేర్చింది. సింకులో అంట్లు అంట్లలాగే ఉన్నాయి. చీమలు వరస కట్టాయి. వాటిపైన టీ గ్లాసులు కొత్తగా చేరాయి.

"నీ పని అయిందా?" అన్నాడు సజీవ్.

"సగం. రేపు పొద్దున ల్యాబ్. చేతికి సబ్బు తగలకూడదు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడా."

"అంటే?"

"సబ్బు అక్కడుంది ఏట్టా."

లోపలినుంచి విలాసిని అమ్మ నేల మీద చేయి ఆనించి లేవబోయింది. "వాడెందుకు? మొగాడు అంట్లు తోమడమా... నేను తోముతాలే."

ప్రసీద వెళ్ళి ఆమె భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. "మీరు కూర్చోండమ్మా. ఇవాళ మీకూ కాయల్ రోజే."

విలాసిని అమ్మ కోడలి ముఖంలోకి చూసింది. వెటకారమేమోనని వెతికింది. దొరకలేదు. తైలం గిన్నె తనే దగ్గరికి లాక్కుంది. కొంతసేపటికి వంటింట్లోంచి కొళాయి తిప్పిన చప్పుడు, గిన్నె మీద గిన్నె పడ్డ చప్పుడు.

"మూకుడు అడుగు బూడిద వేసి రుద్దాలని చెప్పు వాడికి," అంది విలాసిని అమ్మ, దీపం కేసి చూస్తూ.

సోమవారం ల్యాబ్‌లో సిమ్న గాజు గొట్టాలు వరసగా పెట్టి, మందు కలిపి, వెనక్కి జరిగి నిలబడింది. పిల్లలందరూ చుట్టూ చేరారు. మోటారు నీళ్ళు పడే చోటి గొట్టం ముందు నీలం తిరిగింది. దాని పక్కది లేతగా. ఇంకోటి ఇంకా లేతగా. నస్రీన్ వాటిని చూడలేదు. చివరి గొట్టం, బ్లాంక్ నీళ్ళది, ఒక్కటే తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తెల్లకాగితం మీద పెట్టి చూసింది. ఏ రంగూ లేదు.

"శనివారం పట్టాల్సినవి ఆదివారం సాయంత్రం ఎందుకు పట్టావ్?" అంది సీసాల మీది తేదీ చూసి.

కురువిళ సార్ గొంతు సవరించుకున్నాడు. ప్రసీద కిటికీ పట్టుకుంది.

"శనివారం బ్లాంక్‌ని టీచర్ ఇంట్లో అమ్మావన్ తాగేశారు మేడం," అంది సిమ్న.

నస్రీన్ పగలబడి నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. "నా దగ్గర ఉన్నవాళ్ళయితే పంపు నీళ్ళు నింపేవాళ్ళు. ఒకటో తారీకుకి కొచ్చి రాగలవా?"

ఆ మధ్యాహ్నం కాలేజీ వాళ్ళు ఫొటో దిగారు. నస్రీన్, ప్రిన్సిపాల్, కురువిళ సార్, ఎంపికైన ఇద్దరు పిల్లలు, చేతుల్లో పూలు. రిపోర్టు కింద, పర్యవేక్షణ అన్న చోట కురువిళ సార్ సంతకం. ఫొటోలో ప్రసీద లేదు, ఎందుకంటే ఆ ఫొటో తీసింది ఆమే. సిమ్న మాత్రం అందులో కెమెరాలోకి కాక, కెమెరా పట్టుకున్న మనిషిలోకి చూస్తూ ఉంటుంది.

మీ ఊరి నీళ్ళు బాగున్నాయని రాసిన కాగితం ఎప్పుడైనా మీ చేతికి వస్తే, అడుగు వరస దాకా చదవండి. అక్కడ బ్లాంక్ అని రాసి, పక్కన సున్నా ఉంటుంది. ఎవరూ ఆగి చూడని వరస అది. ఆ సున్నాని ఏ మరకా అంటకుండా మోసుకొచ్చిన చేతులు ఎవరివో ఉంటాయి. ఆ రోజు ఆ చేతులు ఏ సింకు దగ్గర ఏమని చెప్పి బయటికి వచ్చాయో ఒక్కసారి తలచుకోండి. పేరు తెలియకపోతే, ప్రసీద అనుకోండి.